ఆరున్నొక్కటి

మేడ్చల్‌లో ఒక బియ్యం గోదాములో సంచులు లెక్కపెట్టడం నా పని. లారీ వెనక్కి వచ్చి ఆగుతుంది. హమాలీలు వీపున సంచి వేసుకొని ఒకరి వెనక ఒకరు నా ముందు నుంచి నడుస్తారు. ఒక్కో సంచికి ఒక్కో అంకె నేను పైకి అంటాను. పంతొమ్మిదేళ్లుగా ఇదే. నేను చదివింది ఐదో తరగతి. మిగతా లెక్కంతా కొంత మా బాపు పక్కన నిలబడి, కొంత ఈ సంచుల పక్కన నిలబడి నేర్చుకున్నాను. అందుకే నా లెక్క కాగితం మీద కంటే నోట్లో గట్టిగా ఉంటుంది.

ఇల్లు శామీర్‌పేటలో. గోదాముకు రెండు ఆటోలు మారాలి. మా గల్లీ చివర జాకెట్లు కుట్టే ఆమె ఉంది. ఏ చుట్టరికమూ లేకపోయినా నన్ను వదినె అంటుంది, నేనూ ఆమెను వదినె అనే పిలుస్తాను. ఒక సాయంత్రం నేను ఆటో దిగేసరికి ఆమె టేపు మెడలో వేసుకొని నా కోసమే నిలబడి ఉంది.

“వదినె, మా కోలాటంల ఒక్కరు తక్కువైన్రు. కూతురి కాన్పుకని ఒకామె కరీంనగర్ పోయింది. పదిహేనుగురం మిగిలినం. జంట కుదుర్తలేదు. నువ్వు రావాలె.”

“నాకు కోలాటం రాదు.”

“వచ్చుడు ఎవలు అడిగిన్రు? పదహారు కావాలె, అంతే.”

ఆ మాటకే ఒప్పుకున్నాను. బాగా ఆడతావని పిలిచి ఉంటే వెళ్లేదాన్ని కాదు. ఒక బేసిని సరి చేయడానికి పిలిస్తే కాదనలేను.

మా ఆయన జీడిమెట్లలో లేత్ మిషన్ మీద పని చేస్తాడు. సంగతి చెబితే అన్నం కలుపుతూ తల కూడా ఎత్తలేదు. “కోలాటమా, కొట్లాటనా? సూస్కో, ఎవలి కన్ను పొడుస్తవో” అన్నాడు. వారం తిరక్కుండానే రెండు కోలలు తెచ్చి నా ముందు పెట్టాడు. టేకు ముక్కను లేత్ మీద పట్టి నున్నగా తీశాడు. రెంటినీ గోదాములోని చిన్న కాంటాలో పెట్టి చూశాను. నాలుగు గ్రాముల తేడా ఉంది. బరువైనది కుడిచేతికి పెట్టుకున్నాను.

కోలాటం నేర్పే మేడం మా ఊరికి అవతల కొత్త కాలనీలో ఉంటుంది. వాళ్లది గోదావరి జిల్లా. భర్త బ్యాంకులో ఉద్యోగం. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకుందట. కాలనీ హాల్లో సాయంత్రం ఆరు గంటలకు ప్రాక్టీసు. శ్రీరామనవమికి కాలనీ గుడిలో కల్యాణం అయ్యాక ఊరేగింపు ముందు ఆడాలని తయారీ. అప్పటికి ఇంకా రెండు నెలలుంది.

మా దిక్కు బతుకమ్మ ఆడని ఆడది ఉండదు. నేనూ ప్రతి ఏడూ ఆడాను. కానీ అందులో చప్పట్లు మనవి మనకే తగులుతాయి. ఒకరు తప్పినా వలయం ఆగదు. కోలాటంలో నా కోల ఎదుటి మనిషి కోలకు, ఆ గడియలోనే, ఆ ఎత్తులోనే తగలాలి. మొదటి వారం నా కోల గాలికి తగిలింది, జాకెట్ల వదినె మణికట్టుకు తగిలింది, ఒకసారి నా ముక్కుకే తగిలింది. మూడో వారం పదహారు జతలూ ఒక్కసారి టక్కుమన్నాయి. ఆ చప్పుడు నా అరచేతి నుంచి భుజం దాకా ఎక్కింది. ఇన్నేళ్లుగా నేను ఒక చోట నిలబడితే లెక్క నా ముందు నుంచి నడిచి పోయింది. ఇక్కడ నేను కూడా లెక్కలో ఒకదాన్ని. ఇంటికి వస్తూ దారిలో అనుకున్నాను, ఇది నాకు కావాలి అని. నలభై ఆరేళ్లు వచ్చాక ఒక వస్తువు కాని దాని కోసం అంత గట్టిగా అనుకోవడం నాకే కొత్తగా అనిపించింది.

ఆడేవి నాలుగు ఆటలు. మూడింటి నడక తేలిక, పాట వింటుంటే కాళ్లు వాటంతట అవే పడతాయి. నాలుగోది మేడం సొంతంగా కట్టింది. దాని నడక ఏడు. ఆరు అడుగులు వేసి, ఏడో దెబ్బకు ఎదుటివాళ్ల కోలను కొట్టాలి. లోపల ఎనిమిది మంది, బయట ఎనిమిది మంది, రెండు వలయాలు. ఒక చరణం అయ్యాక బయటి వలయం ఒక చోటు ముందుకు జరుగుతుంది, జంటలు మారతాయి. మేడం పక్కన నిలబడి చేతాళాలు వాయిస్తూ పాడుతుంది, మధ్యమధ్య “తకిట తకధిమి, తకిట తకధిమి” అంటుంది.

ఆ తకిటలు మాకెవరికీ ఎక్కలేదు. నేను మాత్రం అలవాటుగా నోట్లోనే లెక్క పెట్టుకున్నాను. పక్కవాళ్లు అది పసిగట్టారు.

“వదినె, జర గట్టిగ అను. నీ లెక్క ఇంటె మా కాళ్లకు ధైర్యం వస్తాంది” అంది జాకెట్ల వదినె.

గట్టిగా అన్నాను. నా చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని పట్టుకొని ఆడారు. అయినా ఏదో కుదరలేదు. ఏడో దెబ్బ అందరిదీ ఒక్కసారి పడాల్సింది, రెండుగా పడుతోంది. టక్కు అని ఒకటి, దాని తోకగా టకటక అని ఇంకొన్ని. మేడం నేల నున్నగా ఉందేమో అంది. కోలల పొడవు సమానంగా లేదేమో అంది. కోలలన్నీ నేను కొలిచి చూశాను. వేలెడు తేడా కూడా లేదు.

ఇంకో మూడు వారాల్లో నవమి అనగా, కరీంనగర్ వెళ్లినామె మనవరాలి ఫోటోలతో తిరిగొచ్చింది. నాలుగేళ్లుగా ఆ జట్టులో ఉన్న మనిషి. అందరూ ఆమెను కావలించుకున్నారు, నేనూ ఫోటోలు చూశాను. చూస్తూనే లెక్క వేసుకున్నాను. పదిహేడు.

ప్రాక్టీసు అయ్యాక మేడం నన్ను కిటికీ దగ్గరికి పిలిచింది.

“ఏమీ అనుకోకండి. ఆవిడ పాతావిడ. పదిహేడు మందితో జంటలు రావు కదండీ. పైగా ఆ ఏడో దెబ్బ మీ వైపే జారుతోందని నాకు అనుమానం. మీరు లెక్కలో గట్టివారు, నవమి రోజు ప్రసాదం పొట్లాల దగ్గర ఉందురు గానీ. వచ్చే ఆదివారం దాకా చూద్దాం.”

ఆమె మాటలో కోపం లేదు. నిజమే చెప్పింది. సరి కోసం వచ్చినదాన్ని, సరి కోసమే వెళ్లాలి. కానీ పొట్లాల దగ్గర నిలబడడం అంటే మళ్లీ నా ముందు నుంచి వస్తువులు పోవడమే. ఆ రాత్రి మా ఆయన అడిగితే ఏం లేదన్నాను.

మర్నాడు జాకెట్ల వదినె ఫోనును కిటికీ చువ్వకు కట్టి మొత్తం ఆట వీడియో తీయించాను. దాన్ని ఆటోలో, గోదాములో, ఇంట్లో పదకొండుసార్లు చూశాను. లారీ చీటీ వెనక రెండు వలయాలు గీసి, ఎవరి దెబ్బ ఆలస్యమైతే వాళ్ల దగ్గర చుక్క పెట్టాను. మొదటి చరణంలో చుక్కలన్నీ తలుపు వైపున పడ్డాయి. రెండో చరణంలో ఒక చోటు పక్కకు, మూడో దాంట్లో ఇంకో చోటు పక్కకు. నేల తప్పయితే చుక్కలు జరగవు. అవి ఒక మనిషితో పాటు నడుస్తున్నాయి. ఆ మనిషి పచ్చ చీర కట్టుకొని ఉంది. ఆ పచ్చ చీర నాదే.

మేడం అనుమానం రుజువైంది, అదీ నా చేత్తోనే. కానీ ఎందుకో తెలియలేదు. నా కాళ్లు సరిగానే పడుతున్నాయి. చూసినంతసేపూ ఫోను శబ్దం తగ్గించే చూశానని మాత్రం అప్పుడు తోచలేదు.

తెలిసింది గోదాములో. అంతకుముందు రోజు ప్రాక్టీసు కోసం పూట సెలవు పెట్టాను, నా బదులు గుమాస్తా లెక్క పెట్టాడు. ఆ తెల్లారి అందరిలో పెద్ద హమాలీ సంచి దించి నా దగ్గరకొచ్చి తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.

“అక్క, నువ్వు సెలవు పెట్టకు. నిన్న మా పానం పోయింది.”

“ఏమైందే?”

“గా సారు ఏడు అనుకుంట ఉరుకుతడు. నీదైతె ఆరున్నొక్కటి కాడ జర దమ్ము దొరుకుతది. సంచి సర్దుకుంటం, ఊపిరి తీస్కుంటం. నువ్వే అట్ల పెట్టినవ్ అనుకున్నం మాకోసం.”

వెనకున్నవాడు నవ్వాడు. “మన మీద గంత ప్రేమనా అక్కకు? ఆమె నోరే అంత పొడుగు.”

నేను నవ్వలేకపోయాను. చీటీ మీద రెండు మాటలూ రాసి అక్షరాలు లెక్కపెట్టాను. ఏడు, రెండు. ఆరున్నొక్కటి, ఐదు. ఒక్క దెబ్బలో పట్టాల్సిన చోట నేను ఐదు అక్షరాలు కుక్కుతున్నాను. నా కాళ్లు ఎలాగో సర్దుకుంటున్నాయి, నా నోటిని నమ్ముకున్న పక్కవాళ్ల కోలలు మాత్రం ఆగిపోతున్నాయి.

ధాన్యం కొలిచేవాళ్ల లెక్క అది. మా బాపు కళ్లాల్లో కొలిచేవాడు. కొలతలో మొదటిది ఒకటి కాదు, లాభం. లాభం, రెండు, మూడు అని పోవాలి. ఆరు తర్వాత ఏడు అనకూడదు. ఏడు అంటే ఏడవమన్నట్టు. ధాన్యపు రాశి ముందు ఎవరూ ఏడవకూడదు, అందుకని ఆరున్నొక్కటి. నాకు ఎనిమిదేళ్లున్నప్పుడు ఒక కళ్లంలో, బడిలో నేర్చిన ఉత్సాహంతో, బాపు కంటే ముందే ఏడు అని అరిచాను. రాశిగలామె ముఖం మాడిపోయింది. బాపు నన్ను తిట్టలేదు, కొట్టలేదు. కొలిచిన ఆరు కుంచాలూ తిరిగి రాశిలో పోసి, చేతులు దులుపుకొని, మళ్లీ లాభం నుంచి మొదలుపెట్టాడు. ఎండలో అంత పని నా ఒక్క మాటకు వెనక్కి పోవడం చూశాను. ఆ తర్వాత నా నోట ఆ అంకె కొలతలో ఎప్పుడూ రాలేదు. రావడం లేదని కూడా మరిచిపోయాను.

గోదాములో అది అందరికీ అలవాటే. మా జట్టులోనూ సగం మంది వ్యవసాయం ఇళ్లలో పుట్టినవాళ్లు కాబట్టి ఎవరికీ వింతగా తోచలేదు. మేడం చేతాళాల చప్పుడులో నా మాట ఆమె దాకా వెళ్లనే లేదు.

ఆ సాయంత్రం వంటింట్లో కోలలు పట్టుకొని ఏడు అనడం మొదలుపెట్టాను. నాలుగు రౌండ్లు వచ్చింది. ఐదో రౌండులో నోరు పాత దారి పట్టింది. మా ఆయన గడప దగ్గర నిలబడి విన్నాడు.

“ఎందుకే అట్ల ఏడు ఏడు అంటవ్? ఎవల్ని ఏడ్వమంటున్నవ్?”

“నన్నే” అన్నాను.

ఆదివారానికి రెండు రోజులుంది. ముప్ఫై ఎనిమిదేళ్లది రెండు రోజుల్లో పోదు. అది నాకు లెక్క వేయకుండానే తెలుసు.

శనివారం ఆటోలో కూర్చొని మళ్లీ ఆ చీటీ తీశాను. అక్షరాలు లెక్కపెట్టే పని ఎలాగూ మొదలైంది కాబట్టి మేడం అనే మాటలను కూడా రాశాను. తకిట, మూడు. తకధిమి, నాలుగు. రెండూ కలిపితే ఏడు. నేను ఆటో డ్రైవరును ఏదో అడిగినట్టు పైకే “ఓహో” అన్నాను, అతను వెనక్కి తిరిగి చూశాడు. నెలన్నరగా మేడం నోటితో లెక్కే చెబుతోంది. ఆమె అంకెల్లో చెప్పలేదని నేను వినలేదు. ఆమె లెక్కలో ఏడు ఎక్కడా లేదు. మూడు దాకా వెళ్లి ఆగుతుంది, మళ్లీ మొదటి నుంచి నాలుగు దాకా వెళ్తుంది.

లాభం, రెండు, మూడు. లాభం, రెండు, మూడు, నాలుగు.

మేడ్చల్ నుంచి ఇంటిదాకా వేళ్ల మీద అదే అనుకుంటూ వచ్చాను. ఎక్కడా జారలేదు. నోరు ఆగాల్సిన చోటుకు వెళ్లకుండానే వెనక్కి వచ్చేస్తోంది.

ఆదివారం ప్రాక్టీసుకు అందరికంటే ముందు వెళ్లి మేడంకు మొత్తం చెప్పాను. చీటీ చూపించాను, చుక్కలు చూపించాను, పచ్చ చీర నాదేనని చెప్పాను. చెప్పకుండా ఊరుకున్నా ఆ రోజు దెబ్బ సరిగానే పడేది. కానీ తప్పు లెక్క ఎక్కడుందో చూపించకుండా ఒప్పు లెక్క మాత్రం చూపించడం నాకు చేతకాదు.

ఆమె చీటీని చాలాసేపు చూసింది. “ఏడు అనరా మీరు? అసలు?”

“కొలతల అనం మేడం.”

“మా అమ్మమ్మ కూడా బియ్యం కొలిచేటప్పుడు లాభం అనేదండీ. ఏడుకి ఏమనేదో నేనెప్పుడూ పట్టించుకోలేదు.” తర్వాత నవ్వింది. “అయితే మూడూ నాలుగూ అని మీకు ఎవరు చెప్పారు?”

“మీరే చెప్పిన్రు. నేనే ఇనలే.”

అందరూ వచ్చాక ఆట మొదలైంది. పాత ఆమె గోడ పక్కన కూర్చుంది, నేను వలయంలో నిలబడ్డాను. కొత్త లెక్క గట్టిగా అన్నాను. మొదటి రౌండులో పక్కవాళ్లు తడబడ్డారు, రెండో రౌండులో పట్టుకున్నారు, మూడో రౌండు నుంచి దెబ్బ ఒక్కటే పడింది. జాకెట్ల వదినె ఆడుతూనే అంది, “ఒక్క సుట్టుకు రెండు లాభాలా వదినె. మస్తు ఆశ నీకు.” ఆ నవ్వులో కూడా ఎవరి కోలా జారలేదు.

మధ్యలో ఒక సంగతి గమనించాను. మేడం చేతాళాలు ఆగిపోయి ఉన్నాయి. ఆమె వాటిని ఒక చేతిలో పట్టుకొని మా కాళ్లు చూస్తోంది. పాట పాడుతోంది కానీ తాళం వేయడం లేదు. వేయాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది.

ఆట అయ్యాక అందరూ నీళ్లు తాగుతున్నారు. మేడం నా వైపు, గోడ పక్కనున్న పాత ఆమె వైపు మార్చి మార్చి చూసింది. చెప్పాల్సిన మాట చెప్పడానికి ఇష్టం లేక నిలబడిందని అర్థమైంది. దెబ్బ సరైంది గానీ పదిహేడు పదిహేడుగానే ఉంది.

“మేడం, పదిహేడుకు ఒకటి కలిపినా సరే అయితది కదా” అన్నాను.

“ఎవరున్నారండీ కలపడానికి? రెండు వారాల్లో ఎవరికి నేర్పను?”

“ఆట వచ్చినోళ్లే ఉన్నరు. మీరు రండి.”

ఆమె వెంటనే తల అడ్డంగా ఊపింది. “నేను తాళం వేయాలి కదా.”

“ఇప్పుడు ఎయ్యలేదు మీరు” అన్నాను.

ఆమె తన చేతిలోని తాళాల వైపు చూసుకుంది. “నేను ఆడి పదకొండేళ్లయిందండీ. నేర్పడమే గానీ ఆడడం...” అని ఆపేసింది.

పాత ఆమె గోడ దగ్గర నుంచి లేచి, కొంగు బొడ్లో దోపుకొని వచ్చింది. “ఇగ సోచాయించకు మేడం. నా మనవరాలు పుట్టి నెలన్నర, ఇప్పుడే కాళ్లు ఆడిస్తాంది. నీకేమైంది?” అంటూ తన కోలల జత ఆమె చేతిలో పెట్టింది. “నాకు ఇంట్ల ఇంకో జత ఉన్నది.”

మేడం ఆ కోలలను కొంచెంసేపు వట్టిగా పట్టుకుంది. తర్వాత చెప్పులు విడిచి లోపలి వలయంలోకి వచ్చింది.

నవమి రోజు కల్యాణం అయి ఒంటిగంట దాటేసరికి ఎండ ముదిరింది. గుడి ముందు రోడ్డు మీద నీళ్లు చల్లారు. లోపల తొమ్మిది, బయట తొమ్మిది. మేడం నాకు నాలుగు చోట్ల అవతల ఉంది, అంటే ఐదో చరణంలో మేమిద్దరం ఎదురుపడాలి. మొదటి మూడు ఆటలూ తేలిగ్గా జరిగిపోయాయి. నాలుగోది మొదలుపెట్టగానే మైకులో పంతులు మంత్రాలు, దాని మీద డప్పులు. నా లెక్క నాకే సగం వినబడింది. పక్కవాళ్లకు అసలు వినబడి ఉండదు. కానీ జాకెట్ల వదినె పెదవులు కదులుతున్నాయి, ఆమె అవతల ఇంకొకామెవి కూడా. అవన్నీ నా లెక్కలోనే కదులుతున్నాయి.

ఐదో చరణంలో మేడం నా ఎదుటికి వచ్చింది. ముఖమంతా చెమట. పాడాలి, అడుగు వేయాలి, కొట్టాలి. అందరికీ రెండు పనులైతే ఆమెకు మూడు. మొదటి దెబ్బ తొందరపడి ముందే వేసింది, ఆమె కోల నా కోల లేనిచోట ఆగింది. ఆమె కళ్లలో భయం కనిపించింది. మొదటి వారంలో నా కళ్లలోనూ అదే ఉండి ఉంటుంది. నేను ఆమె వైపు కొంచెం వంగి లెక్క గట్టిగా అన్నాను. ఆమె పాట ఆపకుండానే తల ఊపింది. తర్వాతి దెబ్బకు నా కోలల్లో నాలుగు గ్రాముల బరువు ఎక్కువున్నది ఆమె కోలకు తగిలింది. ఆ తర్వాతిది కూడా.

ఆట అయ్యాక గుడి పక్క షామియానా కింద పానకం గ్లాసులతో కూర్చున్నాం. పొట్లాల దగ్గర ఎవరో ఒకాయన లెక్క తప్పి మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతున్నాడు. లేచి వెళ్లలేదు. నా కాళ్లు నొప్పిగా ఉన్నాయి, అవి అలా ఉండడం నాకు బాగుంది. మేడం వచ్చి నా పక్కన కూర్చొని చెంగుతో విసురుకుంది.

“ఐదుతో ఒకటి కట్టాలని ఎప్పట్నుంచో ఉందండీ నాకు. మీ లెక్కలో ఐదు ఎలా వస్తుంది?”

“రెండు, మూడు. లేకుంటె మూడు, రెండు.”

“ఏది ముందు?”

“అది నాకు తెల్వదు మేడం. లెక్కల రెండూ ఒక్కటే.”

“ఆటలో ఒకటి కాదండీ” అంది ఆమె. గ్లాసు కింద పెట్టి, కూర్చున్న చోటనే అరికాలితో నేల మీద రెండు తట్టింది, ఆగి మూడు తట్టింది. తర్వాత తారుమారు చేసి తట్టింది. నేనూ నా కాలు ముందుకు చాపి తట్టి చూశాను. నిజమే, రెండూ ఒకటి కావు. ఎందుకు కావో నాకు లెక్క అందలేదు.